ఐదు సబ్జెక్టులు పోయాయి... ఇంట్లో తెలియలేదు

ఉరవకొండ: ఒకే నెలలో కొడుకు రెండుసార్లు పరీక్ష ఫీజు అడిగేసరికి ఆ తండ్రికి అనుమానం వచ్చింది. మగ్గం దిగి, మరునాడు పొద్దున్నే అనంతపురం బస్సెక్కాడు. కొడుకును ఇంజనీరింగు కాలేజీలో చేర్చిన రోజు తరువాత ఆయన అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఆఫీసులో గుమాస్తా కంప్యూటరు చూసి, "ఐదు బ్యాక్‌లాగులున్నాయి. హాజరు కూడా తక్కువే. మీ ఫోనుకు ఎన్ని మెసేజీలు పంపాం?" అన్నాడు. ఆయన ఫోనుకు ఒక్కటీ రాలేదు. చేరేటప్పుడు కాగితం మీద తండ్రి నంబరు రాయవలసిన చోట కొడుకు హాస్టలు స్నేహితుడి నంబరు రాశాడు.

ఈ కుర్రాడు మొద్దు కాడు. పదో తరగతి ఊరిలోని జిల్లా పరిషత్ పాఠశాలలో, ఇంటర్ పట్టణంలో, రెండూ తెలుగు మాధ్యమంలోనే చదివాడు. ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందలు దాటి వచ్చాయి. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్ రాసి, మంచి ర్యాంకుతో ఎలక్ట్రానిక్స్ శాఖలో సీటు తెచ్చుకొన్నాడు. ఆ రోజు వీధి వీధంతా చక్కెర పంచారు. మొదటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు పోయాయి. రెండో సెమిస్టరులో మరో రెండు.

"పాఠం అర్థం కాలేదని కాదు. అర్థమైనది ఇంగ్లీషులో రాయలేకపోయినాను. లెక్చరరును అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారేమోనని అడగలేదు. మొదటి మిడ్ పరీక్షలో మార్కులు చూసినాక క్లాసుకు పోవాలంటేనే సిగ్గయింది" అని ఆ విద్యార్థి చెప్పాడు. సిగ్గుతో క్లాసు మానితే పాఠం పోయింది. పాఠం పోయినందుకు మళ్ళీ క్లాసు మానాడు.

మూడు మార్కుల సంగతి

అనంతపురంలోని ఇంజనీరింగు కళాశాల 1946లో పుట్టింది. తరువాత జె.ఎన్.టి.యు.లో చేరింది. 2008లో అనంతపురం కేంద్రంగానే జె.ఎన్.టి.యు. వేరే విశ్వవిద్యాలయమైంది. చుట్టుపక్కల ఎన్నో ప్రైవేటు కళాశాలలు దీని కిందే నడుస్తున్నాయి. దీని మార్కుల లెక్క ఊళ్ళలోని తల్లిదండ్రులు చాలామందికి తెలియదు. చిత్రమేమంటే, చదివే పిల్లల్లో కూడా కొందరు మొదటి ఫలితాలు వచ్చిన తరువాతే దీన్ని తెలుసుకొంటున్నారు.

మామూలు థియరీ సబ్జెక్టుకు నూరు మార్కులు. అందులో 30 కాలేజీలో పెట్టే మిడ్ పరీక్షలవి, 70 విశ్వవిద్యాలయం పెట్టే చివరి పరీక్షవి. చివరి పరీక్షలో 35 శాతం, అంటే 25 మార్కులు రావాలి. అంతటితో సరిపోదు. రెండూ కలిపి 40 రావాలి. ఈ కుర్రాడికి గణితంలో చివరి పరీక్షలో 27 వచ్చాయి. అయినా తప్పాడు. మిడ్ మార్కులు 10 మాత్రమే కావడంతో మొత్తం 37 దగ్గర ఆగిపోయింది. మిడ్‌లలో ఇంకో మూడు మార్కులు ఉంటే అదే పేపరుతో గట్టెక్కేవాడు.

సప్లిమెంటరీ ఎన్నిసార్లు రాసినా ఆ మిడ్ మార్కులు మారవు. పది వచ్చినవాడు ప్రతిసారీ 30 తెచ్చుకోవాలి. పదిహేను, ఆపైన వచ్చినవాడికి 25 చాలు. కనుక పోయిన సబ్జెక్టుల్లో దేనికి ఎన్ని కావాలో ముందుగా కాగితం మీద వేసుకోవాలి. ఈ విద్యార్థి ఏడాదిపాటు ఆ లెక్కే వేసుకోలేదు.

ఒక మిడ్ చెడినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం విలువ కట్టి కలుపుతారు. మొదటి దానిలో 10 వచ్చినవాడు రెండో దానిలో 25 తెచ్చుకొంటే, అటు రెండు, ఇటు ఇరవై కలిసి 22 అవుతాయి. మొదటి మిడ్ చూసి దిగులుపడి క్లాసు మానేసిన కుర్రాడు చేజేతులా పోగొట్టుకొన్నది ఈ అవకాశాన్నే.

హాజరు సంగతి ఇంకా గట్టిది. 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65కు తగ్గితే చివరి పరీక్షకే కూర్చోనివ్వరు, ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. ప్రభుత్వం చెల్లించే ఫీజుకు కూడా హాజరు చూస్తారు. ఆ రుసుము వసూలు చేయడంలో కాలేజీలు చూపే శ్రద్ధ, పిల్లవాడు వారంగా ఎందుకు రావడం లేదని అడగడంలో చూపడం లేదు. మెసేజీ పంపితే పని అయిపోయిందనుకొంటున్నారు. అదైనా ఇంగ్లీషులో ఉంటుంది.

ఐదు ఒకేసారి కాదు

తండ్రి ఆ రోజు కాలేజీలో కేకలు వేయలేదు. కొడుకును బయట టీ కొట్టు దగ్గరకు తీసుకుపోయి, "ఎన్ని పోయినాయిరా?" అని మాత్రం అడిగాడు.

"ఐదు నాయనా" అన్నాడు కొడుకు.

"పడుగులో పోగు తెగితే ఏం చేస్తాం? మగ్గం ఆపి అతుకుతాం. నువ్వు తెగింది తెగినట్టే నేసుకుంటూ వచ్చినావు. ముందే చెప్పింటే ఇద్దరం కూర్చొని చూసుకొనేవాళ్ళం కదా" అన్నాడాయన. టీ చల్లారిపోయింది కానీ ఇద్దరిలో ఎవరూ తాగలేదట.

ఆ సాయంత్రమే ఇద్దరూ గణితం లెక్చరరును కలిశారు. ఐదూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దని ఆయన చెప్పారు. ముందు గణితం పూర్తిచేయాలి. తరువాతి సబ్జెక్టులు చాలావరకు దానిమీదే ఆధారపడతాయి. దానితో పాటు తేలికైనది ఇంకొకటి. ఇప్పుడు జరుగుతున్న సెమిస్టరు పాఠాలను మాత్రం వదలరాదు. పాతవి తీర్చుకొనే తొందరలో కొత్తవి పోగొట్టుకొనేవారే ఎక్కువని ఆయన అనుభవం.

పుస్తకంలో ఐదు యూనిట్లుంటాయి. ఒక్కొక్క యూనిట్ నుంచి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు. కొన్నేళ్ళ పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే ఏయే లెక్కలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో కనిపిస్తుంది. ఈ కుర్రాడు మూడు యూనిట్లు గట్టిగా పట్టుకొన్నాడు. లెక్కను చూడటం మాని, పుస్తకం మూసి రాయడం మొదలుపెట్టాడు. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీలో ఇంగ్లీషు మాట, దానితో రెండు చిన్న వాక్యాలు, కుడి పేజీలో తెలుగు అర్థం. తనలాగే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన సీనియరు ఒకడు రాత్రిళ్ళు ఆ వాక్యాలు దిద్దేవాడు. క్లాసులో చివరి బెంచీ నుంచి రెండో బెంచీకి మారాడు. అన్నిటికంటే కష్టమైన పని అదేనని ఆ విద్యార్థి నవ్వుతూ అన్నాడు.

తరువాతి సప్లిమెంటరీలో రెండూ పోయాయి, అంటే బ్యాక్‌లాగులు పోయాయి. గణితంలో 34 తెచ్చుకొన్నాడు.

బి.టెక్. పూర్తిచేయడానికి చేరిన నాటినుంచి ఎనిమిదేళ్ళ గడువు ఉంది. చాలా ఉందిలే అని ఊరుకొనేందుకు వీల్లేదు. కొన్ని క్రెడిట్లు లేనిదే పై సంవత్సరానికి పంపరు. ఉద్యోగాలిచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగు ఉన్నవారిని పరీక్షకే రానివ్వవు. మార్కులు అన్యాయంగా తగ్గాయనుకొంటే రీవాల్యుయేషనుకు దరఖాస్తు చేయవచ్చు. ఫలితాల తరువాత గడువు కొద్ది రోజులే.

ఊళ్ళో తల్లిదండ్రులు చేయగలిగినది కూడా ఉంది. కాలేజీలో తమ ఫోను నంబరే ఉందో లేదో ఒకసారి వెళ్ళి చూసుకోవచ్చు. హాల్‌టికెట్ నంబరు దగ్గర ఉంటే పట్టణంలో నెట్ సెంటరులో ఫలితాలు చూపిస్తారు. తప్పిన సంగతి తెలిసినప్పుడు మాత్రం నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి. ఆ రెండు రోజుల్లో పిల్లవాడు ఒంటరిగా, ముభావంగా ఉంటే విడిచిపెట్టి ఉండరాదు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్‌లో ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఈ విద్యార్థి ఇప్పుడు మూడో సంవత్సరం. ఐదింటిలో నాలుగు తీరాయి. ఫిజిక్సు మిగిలింది. మిడ్ మార్కులు 11, కనుక 29 కావాలి. ఆ అంకె ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న ఆదివారం అతడు ఊరికి వచ్చినప్పుడు మగ్గం పక్కనే కూర్చొని చదువుకొన్నాడు. తిరుగు బస్సెక్కే ముందు తండ్రి తానే అడిగి, ఎన్నో తారీఖులోగా కట్టాలో కనుక్కొని, సప్లిమెంటరీ ఫీజు చేతిలో పెట్టాడు.