హార్డ్ డిస్క్ మీద ప్రాజెక్టు రిపోర్టు: అపోహలు – వాస్తవాలు

ఏదైనా ఒక హార్డ్‌వేర్ పరికరం మీద రిపోర్టు రాయమంటే డిప్లొమా, బీటెక్ పిల్లల్లో చాలామందికి ముందుగా తట్టేది హార్డ్ డిస్కే. ఎంపిక మంచిదే. కానీ ప్రణాళిక వేసుకునేటప్పుడే కొన్ని అపోహలు దారి తప్పిస్తాయి. యాభై పేజీలు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాక కూడా వైవాలో మొదటి ప్రశ్నకే నోరు పెగలని పరిస్థితి అక్కడి నుంచే వస్తుంది.

అపోహ: అంశం ఎంత పెద్దదైతే రిపోర్టుకు అంత బరువు.

‘హార్డ్ డిస్క్ – ఒక అధ్యయనం’ అని పెట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలియదు. చిన్న ప్రశ్న పట్టుకోండి. ఉదాహరణకు, డబ్బా మీద 1 టీబీ అని ఉన్న డిస్క్‌ను విండోస్ 931 జీబీ అని ఎందుకు చూపిస్తుంది? మిగతాది కంపెనీ మింగేసిందని కొందరు, ఫార్మాటింగ్‌లో పోయిందని కొందరు అంటారు. రెండూ తప్పే. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1 జీబీ అంటే 1024ను మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చే 1,07,37,41,824 బైట్లు. మొదటి సంఖ్యను రెండోదానితో భాగించి చూడండి, 931 వస్తుంది. అదే డిస్క్‌ను ఇప్పటి మ్యాక్‌కు తగిలిస్తే 1 టీబీ అనే చూపిస్తుంది. రెండు తెరల ఫోటోలు పక్కపక్కన పెడితే మీ రిపోర్టుకు మొదటి ఆధారం దొరికినట్టే.

అపోహ: చరిత్ర అధ్యాయం బాబేజ్‌తో మొదలవ్వాలి.

అక్కర్లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ కంప్యూటర్‌లోని డిస్క్‌తో మొదలుపెట్టండి: 24 అంగుళాల ప్లాటర్లు (డేటా రాసే గుండ్రటి పళ్లేలు) 50, నిమిషానికి 1200 చుట్లు, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఒక పేజీ చాలు.

అపోహ: నాలుగు చోట్ల ఒకే మాట కనిపిస్తే అది నిజమే.

హార్డ్ డిస్క్ లోపల గాలి ఉండదు, అంతా శూన్యం అన్న మాట రిపోర్టు నుంచి రిపోర్టుకు పాకుతూనే ఉంది. నిజానికి గాలి లేకపోతే మామూలు డిస్క్ నడవనే నడవదు. ప్లాటర్ వేగంగా తిరిగినప్పుడు దాని మీద ఏర్పడే పలుచని గాలి పొర మీదే డేటా చదివే, రాసే హెడ్ తేలుతుంది. ఆ ఎత్తు కొన్ని నానోమీటర్లే. అందుకే అలాంటి డిస్కులకు చిన్న రంధ్రం ఒకటి, దాని వెనక దుమ్ము ఆపే వడపోత ఉంటాయి. రంధ్రం మూయవద్దని పక్కనే ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. హీలియం నింపి పూర్తిగా మూసేసిన డిస్కులు 2013 నుంచి వస్తున్నాయి, వాటిలోనూ శూన్యం లేదు.

ఈ రంధ్రం, వడపోత కళ్లారా చూడాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే షాపులోనో పాడైన డిస్క్ అడగండి. అందులో ఎవరి డేటా అయినా ఉండొచ్చు కాబట్టి యజమాని అనుమతి తప్పనిసరి. విప్పేటప్పుడు జాగ్రత్త, ల్యాప్‌టాప్ డిస్కుల ప్లాటర్లు చాలావరకు గాజువి, వంచితే పగిలి చెయ్యి కోస్తాయి.

అపోహ: కొలతలు తీయాలంటే పెద్ద ల్యాబ్ కావాలి.

ఫోన్‌లోని స్టాప్‌వాచ్, కాగితం చాలు. నా దృష్టిలో రిపోర్టుకు ప్రాణం ఈ అధ్యాయమే. 4 జీబీ సినిమా ఫైలు ఒకటి, మొత్తం కలిపి అంతే సైజు ఉన్న వేల చిన్న ఫైళ్లు ఒక ఫోల్డరులో తీసుకోండి. రెండింటినీ హార్డ్ డిస్క్ నుంచి వేరే డ్రైవ్‌కు కాపీ చేసి సమయం రాసుకోండి. చిన్న ఫైళ్లకు చాలా ఎక్కువ సమయం పడుతుంది. కారణం లెక్కలోనే ఉంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఈ ఆగడం ఉండదు, చిన్న ఫైళ్ల దగ్గర తేడా అక్కడే తెలుస్తుంది.

ప్రతి కొలతా కనీసం మూడుసార్లు తీయండి. మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, లేకపోతే రెండోసారి ఫైలు ర్యామ్ నుంచే వచ్చి అంకెలు తప్పుతాయి. బయట తగిలించే డిస్క్ అయితే ఏ పోర్టో కూడా రాయండి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లే, అంటే 60 మెగాబైట్లు. దాన్ని డిస్క్ నెమ్మదితనంగా లెక్కగడితే ముగింపు మొత్తం తప్పుతుంది.

అపోహ: ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, కాబట్టి అరగదు.

రాసిన ప్రతిసారీ దాని మెమరీ కొంత అరుగుతుంది. ఎన్ని టెరాబైట్లు రాసేవరకు హామీ ఇస్తారో చాలామంది తయారీదారులు డేటాషీట్‌లోనే ప్రకటిస్తారు. ఇలాంటి అంకెలు అక్కడి నుంచే తీసుకోండి.

అపోహ: రాయడం చివరి వారంలో చూసుకోవచ్చు.

కొలిచిన రోజే రాయకపోతే ఏ అంకె ఏ డిస్క్‌దో మరిచిపోతారు. ఈ వారమే మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, దానికి ఏం కొలుస్తారో, ఏ డిస్క్ వాడతారో కింద చేర్చి, మీ గైడ్‌కు చూపించండి.