తాళిమి

'తాళు' అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. ఓర్చుకోవడం ఒకటి, ఆగడం ఇంకొకటి. ఇందుకు నిఘంటువు తిరగేయనక్కరలేదు. 'ఈ నొప్పి తాళలేనమ్మా' అని మూలిగే బామ్మగారే, అన్నం ఉడక్కముందే కంచం ముందేసుకు కూర్చున్న మనవణ్ణి 'కాస్త తాళరా' అంటుంది. ఓర్పుకూ ఆగడానికీ ఒకే మాట పెట్టుకున్నారంటే మన పూర్వులు మనస్సును బాగానే ఎరిగినవాళ్లన్న మాట.

ఆత్మనిగ్రహమనగానే మనకు కళ్లు మూసుకుని కూర్చున్న మునీశ్వరుడెవరో గుర్తుకొస్తాడు. కోపతాపాలు లేనివాడే నిగ్రహవంతుడని ఒక అపోహ ఉంది. నిజానికి నిగ్రహమంటే గట్టిగా పట్టి ఉంచడం. పట్టడానికంటూ లోపల ఏదో ఒకటి ఉండాలి గదా! ఉరికే గుర్రానికి కళ్లెం కావాలి గాని కొయ్యగుర్రానికెందుకు? శాస్త్రాలు చెప్పినవాళ్లు కూడా మనస్సు లోపల శాంతించడాన్ని శమమనీ, ఇంద్రియాలను కట్టడి చెయ్యడాన్ని దమమనీ విడదీశారు. శమం సంగతి మహానుభావులకు వదిలేద్దాం. మనబోటి సంసారులకు రోజూ పనికొచ్చేది రెండోది.

అది ఎలా ఉంటుందో చూడాలంటే విరాటపర్వం తెరవాలి. వానలు పడకపోతే మన ఊళ్లలో చదివించే పర్వమే అది. 13వ శతాబ్దంలో తిక్కనగారు తన పదిహేను పర్వాల రచనను మొదలుపెట్టింది దీనితోనే. పుస్తకం తెరవని వారికి కూడా 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రం పుణ్యమా అని యస్.వి. రంగారావు కీచకుడూ, సావిత్రి సైరంధ్రీ బాగా తెలుసు.

కీచకుడు తరుముకు రాగా ద్రౌపది విరాటుడి కొలువులోకి పరుగెత్తుకొస్తుంది. నిండు సభలో వాడు ఆమె జుట్టు పట్టి ఈడ్చి తంతాడు. రాజు నోరు మెదపడు. అదే సభలో వంటవాడి వేషంలో భీముడున్నాడు, కంకుభట్టు పేరుతో ధర్మరాజున్నాడు. భీముడికి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్న చెట్టు మీదికి చూపు పోయింది. ఆ చూపు ఎందుకో అన్నగారికి తెలుసు. అజ్ఞాతవాసం ముగియడానికి ఇక ఎన్నో రోజులు లేవు. ఇప్పుడు బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి, మళ్లీ ఒక ఏడు అజ్ఞాతం.

అప్పుడు ధర్మరాజు ఏమన్నాడు? 'కోపం తప్పు నాయనా' అని ఉపన్యసించలేదు. వంటకట్టెలకైతే ఇంకోచోట చెట్లు లేకపోలేదు, కాయలు కాస్తూ నీడకు చేరినవారికి విశ్రాంతినిచ్చే చెట్టును నరకడమెందుకన్నాడు. విన్న సభికులకది వంటవాడికి చెప్పిన సలహా. భీముడికి మాత్రం ఇన్నాళ్లూ తమకు నీడనిచ్చిన కొలువు కళ్లముందు మెదిలి ఉంటుంది. ఆ పద్యం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది: కోపాన్ని చల్లార్చమని ధర్మరాజు అడగలేదు, చోటు మార్చుకోమన్నాడు. అంటే తాళమన్నాడు.

భీముడు తాళాడు. రాత్రి నర్తనశాలలో కీచకుడి పని పట్టాడు. ఆ తర్వాత ఉపకీచకులు నూట అయిదుగురూ ద్రౌపదిని కట్టి, కీచకుడి శవంతోపాటు కాల్చడానికి శ్మశానానికి మోసుకుపోతే, అక్కడి చెట్టొకటి పెరికి వాళ్లందర్నీ మట్టుపెట్టాడు. అన్నగారి సలహా అక్షరాలా పాటించాడనుకోవచ్చు!

ఒక ఏడు నా తరగతిలో ఒక అమ్మాయి లేచి, 'భీముడి సంగతి సరేనండీ, దెబ్బలు తిన్నది ఎవరు?' అంది. ఆ ప్రశ్న పక్కన పెట్టదగింది కాదు. ఎందుకంటే ధర్మరాజు ఆ సభలోనే ద్రౌపదిని కూడా మందలించాడు, కొలువులో నాట్యకత్తెలా నిలబడ్డావేమని. తమ్ముడికి చెట్టు నీడ చూపించి చెప్పినవాడికి భార్య దగ్గర ఆ మెత్తదనం ఎటు పోయిందో! ఆమె ఊరుకోలేదు. తన భర్త నటుడే కాబట్టి తానూ నటినేననీ, పైగా ఆయన జూదరి కాబట్టి జూదరి పెళ్లానికి గౌరవమెక్కడిదనీ అంటించింది. అందులో చురక ఉంది గాని, రహస్యం బయటపెట్టే మాట ఒక్కటీ లేదు. అంత అవమానంలో, అంత నొప్పిలో, ఎదురుగా ఉన్నది తన మొగుడేనని అరవకుండా నాలుకను పట్టుకున్న మనిషి ఆమె. నన్నడిగితే ఆనాటి సభలో అందరికంటె గొప్ప నిగ్రహం ఆమెదే.

మన ఇళ్లలో నిగ్రహం ఎవరికి బోధిస్తున్నామో గమనించారా? అత్తవారింటికి పోయే పిల్లకు, 'సర్దుకుపోవాలి తల్లీ' అని. జీతం బాకీపడ్డ పనిమనిషికి, 'ఓపిక పట్టాలి' అని. ఇంటాయన కంచం విసిరికొడితే మాత్రం 'ఆయనకు కోపం ముక్కుమీదుంటుంది, మనసు వెన్న' అని పక్కవాళ్లకు చెప్పుకుని నవ్వేస్తాం. చెయ్యెత్తగల బలం ఉన్నవాడికి గదా కళ్లెం అవసరం! దెబ్బ తినేవాళ్లను నోరు మూసుకోమనడం నిగ్రహ బోధ కాదు, దానికి వేరే పేరుంది.

ద్రౌపది కూడా ఓర్చుకుని ఊరుకోలేదు. ఆ రాత్రి అందరూ నిద్రపోయేదాకా తాళింది. ఎవరి దగ్గరికి పోవాలో ఆలోచించుకుంది. పెద్దాయన దగ్గరికి కాదు. చీకట్లో ఒక్కతే నడిచి, వంటశాలకు పోయి భీముణ్ణి నిద్రలేపింది.