రెండు భాషలు, ఒకే నత్తి

నాకు నత్తి ఉంది. మా క్లాసులో అందరికీ తెలిసిందే కాబట్టి దాచి లాభం లేదు. నిరుడు కెమిస్ట్రీ వైవాలో బ్యూరెట్‌లో ఏముందని అడిగారు. పొటాషియం పర్మాంగనేట్ అని తెలుసు. "పొ... పొ..." దగ్గరే ఆగిపోయాను. "ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చెప్పవయ్యా" అన్నారాయన జాలిపడి. దాన్ని తెలుగులో మాత్రం ఏమంటారు!

మా నాన్నదీ ఇదే అనుమానం. ఇంగ్లీషు మీడియంలో చేర్పించి తానే నా నోరు పాడుచేశానని బాధ. ఆయన్ని అనడానికి లేదు, పండితులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1937లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఈస్ట్ షికాగో బడుల్లో ట్రావిస్, జాన్సన్, షోవర్ అనేవారు 4,827 మంది పిల్లల్ని పరిశీలించారు. ఒకే భాష వచ్చినవారిలో నూటికి 1.8, రెండు భాషలవారిలో 2.8 మందికి నత్తి కనిపించింది. ఇంకేం, నేరం రెండో భాష మీద పడింది.

ఇక్కడే ఉంది తిరకాసు. మాట కోసం తడుముకోవడం వేరు, నత్తి వేరు. రెండు భాషలవాడు ఒక్కోసారి సరైన పదం దొరక్క "అది... అది..." అంటాడు. అన్నదే మళ్లీ అంటాడు. వినేవాడికి అదీ నత్తిలాగే ఉంటుంది. అమెరికాలో ఒకే భాష పిల్లలకు పెట్టుకున్న కొలత నూరు మాటలకు 3 తడబాట్లు. బర్డ్, బెడోర్, రామోస్ 2015లో ప్రకటించిన పరిశోధనలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లల్లో అవి 3 నుంచి 22 దాకా ఉన్నాయి. వారిలో ఒక్కరికీ నత్తి లేదు!

నత్తిగలవాడికి పదం తెలుసు. అది గొంతు దాటదు, అంతే. ఇంట్లో నేను 'పొలం' అనలేక 'చేను' అంటాను. పొటాషియంలో అడ్డుపడేదీ ఆ 'పొ' అక్షరమే. 1983లో జయరాం అనే పరిశోధకుడు కన్నడం ఒక్కటే వచ్చినవారినీ, కన్నడం, ఇంగ్లీషు రెండూ వచ్చినవారినీ పోల్చి చూస్తే, ఏ ధ్వనుల దగ్గర మాట ఆగుతుందన్న తీరు ఇంచుమించు ఒకేలా ఉంది.

తేడా లేకపోలేదు. చాలామందికి అలవాటు తక్కువైన భాషలో నత్తి ఎక్కువ. పైగా రెండు భాషలవాడికి ఒక దొడ్డిదారి ఉంది, ఇందులో ఆగితే అందులోకి దూకవచ్చు. నేనూ దూకుతుంటాను. ఎవరి పేరు వారు చెప్పుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ దారీ మూతే.

నత్తి సాధారణంగా రెండు, అయిదేళ్ల మధ్య మొదలవుతుంది. వంశపారంపర్యం పాలు కూడా ఎక్కువే. నాకు బడి మొహం తెలియకముందే ఉందని అమ్మ అంటుంది. సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను, మధ్యలో నాలుగైదుసార్లు ఆగుతూనే. విని కాసేపు మాట్లాడలేదు. "అయితే మీ తాతదేరా ఇది" అని, పార భుజాన వేసుకుని నీళ్లు మళ్లించడానికి వెళ్లిపోయాడు.