మొలవని విత్తనానికి బిల్లే సాక్షి
డీలరు, కంపెనీ తప్పుకుంటే రైతుకు ఉన్న దారులు

ఖమ్మం: తొలకరి పడిందంటే జిల్లాలో విత్తనాల దుకాణాల ముందు నిలబడటానికి చోటు దొరకదు. పత్తి ప్యాకెట్ల కోసం, మిరప విత్తనం కోసం రైతులు తెల్లవారకముందే ఊళ్ళ నుంచి బయలుదేరి వస్తారు. ఆ హడావుడిలో సంచిలోకి ప్యాకెట్లు చేరతాయి గాని జేబులోకి బిల్లు చేరదు. అడిగినవారికి తరచు వచ్చే జవాబు ఒక్కటే: "బిల్లెందుకు బాబాయ్, నేనెక్కడికి పోతాను?"

నిజమే, డీలరు ఎక్కడికీ పోడు. పది రోజుల తరువాత గింజ మొలవకపోతే పోయేది రైతు సీజను.

మొలక రాలేదని చెప్పటానికి వెళ్ళిన రైతుకు అప్పుడు వేరే మాటలు వినిపిస్తాయి. "సీలు వేసిన ప్యాకెట్టు ఇచ్చాను, కంపెనీని అడుగు" అని డీలరు అంటాడు. "ఆ విత్తనం మాదేనని రుజువేమిటి?" అని కంపెనీ అంటుంది. చాలా ఊళ్ళలో విత్తనం అప్పు ఇచ్చినవాడే ఎరువూ పురుగుమందూ కూడా అప్పు ఇస్తాడు, పంట చేతికి వస్తే తానే కొంటాడు. అతనితో తగాదా పెట్టుకుంటే రేపు అప్పు పుట్టదన్న భయం రైతుది. అందుకే ఎక్కువ తగాదాలు దుకాణం అరుగు మీదే, ఒకటి రెండు ప్యాకెట్లు ఉచితంగా చేతిలో పెట్టటంతో ముగిసిపోతాయి. దున్నకం, కూలి, ఎరువు, పోయిన అదను మాత్రం రైతు ఖాతాలోనే మిగులుతాయి.

అప్పు ఇచ్చినా బిల్లు ఇవ్వవలసిందే

1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనం అమ్మే ప్రతి డీలరుకు లైసెన్సు ఉండాలి. కొన్నవారికి బిల్లు ఇచ్చి తీరాలి. నగదుకు అమ్మితే నగదు బిల్లు, అరువుకు ఇస్తే అరువు బిల్లు. "డబ్బు ఇచ్చాక బిల్లు రాస్తాను" అనే మాటకు చట్టంలో చోటు లేదు. నిల్వ ఎంత ఉన్నదో, ధర ఎంతో దుకాణంలో కనపడేటట్లు బోర్డు పెట్టటం కూడా అదే ఉత్తర్వులో ఉన్నది. పత్తి విత్తనానికయితే గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2025 సీజనుకు 475 గ్రాముల బీటీ-2 ప్యాకెట్టుకు ఆ ధర 901 రూపాయలు.

బిల్లు మీద రకం పేరు, కంపెనీ పేరు, లాటు నంబరు, తేదీ రాయించుకోవటం మరువరాదు. "పత్తి విత్తనాలు - 4" అని తెల్లకాగితం మీద గిలికి ఇచ్చిన చీటీ వల్ల రేపు ఏ లాటు ఎవరు అమ్మారో తేలదు. ప్యాకెట్టు మీద ఉండే లేబులు కూడా సాక్ష్యమే. మొలక శాతం, జన్యు స్వచ్ఛత, పరీక్ష జరిపిన తేదీ, ఎప్పటివరకు పనికి వస్తుందనే గడువు అందులో ఉంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. కంపెనీ తన పూచీ మీదనే అమ్మే విత్తనానికి ఆకుపచ్చ చీటీ ఉంటుంది. ప్రైవేటు కంపెనీల సంకర విత్తనాలలో ఎక్కువగా కనిపించేది ఆకుపచ్చ చీటీయే. చట్టం పెట్టిన కనీస మొలక శాతం వరికి 80, పత్తికి 75, మిరపకు 60. నూరు గింజలకు నూరూ మొలవలేదని ఫిర్యాదు చేస్తే నిలవదు. ఈ లెక్కకు తక్కువ మొలిచినప్పుడే తప్పు విత్తనానిది అవుతుంది.

విత్తిన తరువాత ఖాళీ ప్యాకెట్లను గట్టు మీద పారవేయటం అలవాటు. పంట ఇంటికి వచ్చేవరకు వాటిని బిల్లుతో కలిపి దాచటానికి ఖర్చేమీ లేదు.

గింజ మిగలకపోయినా కేసు ఉన్నది

"విత్తనమంతా భూమిలో పోశాను, పరీక్షకు ఏమి చూపను?" అన్నది రైతుకు సహజంగా వచ్చే సందేహం. కంపెనీలు కూడా ఏళ్ళ తరబడి ఈ వాదాన్నే పట్టుకున్నాయి. దీనికి జవాబు మన జిల్లాతో సంబంధం ఉన్న కేసులోనే వచ్చింది.

జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనాల వల్ల పంట పోయిందని ఖమ్మం, మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు, కాకినాడ వినియోగదారుల ఫోరాలలో రైతులు ఫిర్యాదులు చేశారు. ఫోరాలు పరిహారం ఇప్పించాయి. రాష్ట్ర కమిషన్‌లోనూ, జాతీయ కమిషన్‌లోనూ సంస్థ ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2012 జనవరిలో అక్కడా ఓడిపోయింది.

సంస్థ చేసిన వాదాలు గమనించదగినవి. విత్తనాలకు 1966 నాటి ప్రత్యేక చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికి అధికారం లేదన్నది. ఒప్పందంలో మధ్యవర్తి షరతు ఉన్నది కనుక ఫోరానికి రాకూడదన్నది. విత్తనోత్పత్తి చేసి తిరిగి సంస్థకే అమ్మే రైతు వ్యాపారి అవుతాడు గాని వినియోగదారు కాడన్నది. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించనేలేదన్నది. సుప్రీంకోర్టు అన్నిటినీ తోసిపుచ్చింది. విత్తనాల చట్టంలో నష్టపోయిన రైతుకు పరిహారం ఇప్పించే ఏర్పాటే లేదని, కనుక రైతు వినియోగదారుల చట్టం కింద రావచ్చునని చెప్పింది. కొన్న విత్తనమంతా విత్తటమే రైతు చేసే పని, రేపు కేసు పడుతుందని కొంత దాచిపెట్టాలని అతని నుంచి ఆశించరాదన్నది. ఆ లాటు విత్తనాన్ని పరీక్షకు పంపమని సంస్థే అడిగి ఉండవచ్చుననీ గుర్తుచేసింది. పంట తిరిగి కొంటామన్న ఒప్పందం మీద విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారేనని సుప్రీంకోర్టు 2020 మార్చిలో మరొక కేసులో మళ్ళీ చెప్పింది.

అంతమాత్రాన పంట పోయిన ప్రతి రైతుకూ డబ్బు వస్తుందనుకుంటే పొరపాటు. 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో అదే సుప్రీంకోర్టు రైతుల పక్షాన నిలవలేదు. పంట దెబ్బతిన్నది విత్తనం వల్లనే అని చెప్పలేమని, నీటి నాణ్యత, సుదీర్ఘమైన బెట్ట, చవుడు, విత్తే పద్ధతి, విత్తేనాటి తేమ కూడా కారణాలు కావచ్చునని అధికారుల నివేదికలో ఉండటమే అందుకు కారణం. చేను చూసిన అధికారి రాసిన కాగితమే కేసుకు ఆయువుపట్టు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

చేను దున్నకముందే

ఇక్కడే రైతు ఇరకాటంలో పడతాడు. మొలక రాని చేనును అలాగే ఉంచితే అదను పోతుంది. దున్ని మళ్ళీ విత్తితే సాక్ష్యం పోతుంది. మొలక తప్పిన సంగతి పత్తిలో వారం లోపుగానే, మిరప నారుమడిలో పది రోజుల్లోనే తెలిసిపోతుంది కనుక ఆ రోజే కదలటం మేలు. మండల వ్యవసాయాధికారికి, మిరప అయితే ఉద్యానవన అధికారికి కూడా, ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి రెండవ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదుకు ఆనవాలు ఉండదు. చేనుకు శాస్త్రవేత్తను కూడా తీసుకురావలసిందిగా అందులోనే కోరాలి. వారు వచ్చేదాకా ఆగలేకపోతే కనీసం కొన్ని గుంటలయినా దున్నకుండా వదిలి మిగతాది మళ్ళీ విత్తుకోవచ్చు. దున్నేముందు చేను నలుమూలలా ఫోటోలు తీయించటం అవసరం.

ఇంకొక చిక్కు ఉన్నది. కంపెనీకి తెలియకుండా జరిగిన తనిఖీని కంపెనీ వకీలు తేలికగా తప్పుపడతాడు. కనుక తనిఖీ రోజును డీలరుకూ కంపెనీకీ రిజిస్టరు పోస్టులో ముందే తెలియజేయాలి. వస్తే సంతకం చేస్తారు. రాకపోతే పిలిచినా రాలేదన్న రసీదు రైతు దగ్గర ఉంటుంది. అదే రకం అదే వారంలో వేసి, వేరే లాటు వల్ల మొలక బాగా వచ్చిన పక్క చేను ఉంటే దానినీ నివేదికలో రాయమని అడగాలి. వాన, నేల ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిదో చదివినవారికి అర్థమవుతుంది.

మిరపలో మొలక బాగానే వచ్చి, కాపు సమయంలో మోసం బయటపడేది మరొక రకం. తేజ అని కొంటే కాయ పొట్టిగా, లావుగా రావచ్చు. మొక్క ఏపుగా పెరిగి పూతే నిలవకపోవచ్చు. ఇటువంటి కల్తీ నారుమడిలో కనపడదు. అప్పుడయినా కాయ మొక్క మీద ఉండగానే చేను చూపించాలి. ఏరివేత అయ్యాక కళ్ళంలోని కుప్పను చూసి ఏ అధికారీ ఏమీ చెప్పలేడు.

ఫోరంలో ఫీజు లేదు

ఊళ్ళో అందరి నోటా ఇంకా ఫోరమే గాని, 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంతో దాని పేరు జిల్లా వినియోగదారుల కమిషన్‌గా మారింది. రైతుకు పనికివచ్చే మార్పు ఒకటి ఆ చట్టంలో ఉన్నది. కొన్న ఊళ్ళోనే కేసు వేయనవసరం లేదు. విత్తనం గుంటూరులో కొన్నా, జగ్గయ్యపేటలో కొన్నా, ఖమ్మం జిల్లాలో కాపురం ఉండే రైతు ఖమ్మంలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఏ కమిషన్‌కు వెళ్ళాలన్నది, ఫీజు ఎంతన్నది నష్టాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి ఉంటాయి. 50 లక్షల లోపు ధర అయితే జిల్లా కమిషనే. 5 లక్షల లోపయితే ఫీజు అసలే లేదు. పోయిన పంట విలువ లక్షల్లో ఉన్నా విత్తనానికి ఇచ్చింది వేలల్లోనే కనుక దాదాపు ప్రతి సన్నకారు రైతూ ఫీజు లేకుండానే లోపలికి అడుగు పెట్టగలడు. వకీలు తప్పనిసరి కాదు. అయితే కంపెనీ తరఫున వకీలు వస్తాడన్న సంగతి గుర్తుంచుకోవటం మంచిది. విత్తనం ధరతో పాటు సాగు ఖర్చు, రావలసిన దిగుబడి విలువ, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగవచ్చు. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చాలి. ఒకరిని వదిలితే రెండవవారు తప్పు అక్కడ లేనివారి మీదకు నెడతారు.

నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నది గాని ఆచరణలో అంతకు మించిపోవటం మామూలే. ఒకే లాటు విత్తనం వల్ల పదిమంది నష్టపోతే కమిషన్ అనుమతితో అందరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. డీలరు దగ్గర అప్పున్న రైతు ఒంటరిగా ముందుకు రావటానికి జంకే చోట ఇది ఎక్కువ అక్కరకు వస్తుంది. అప్పు వేరు, విత్తనం వేరు. బాకీ ఉన్నాడన్న కారణంతో ఫిర్యాదు చెల్లకుండా పోదు.

కౌలుదారుల సంగతి కూడా చెప్పుకోవాలి. పాసుపుస్తకం ఆసామి పేరున ఉన్నా, విత్తనం కొన్నది కౌలుదారే అయితే వినియోగదారు అతడే. బిల్లు అతని పేరునే ఉండాలి. ఆ చేను సాగు చేసింది తానేనని ఆసామి చేతో, పక్క చేల రైతుల చేతో కాగితం రాయించుకోవాలి.

తీర్పు వచ్చాక కంపెనీ పై కమిషన్‌కు అప్పీలు చేయదలచుకుంటే 45 రోజుల గడువున్నది. పరిహారంలో సగం ముందుగా కట్టాలి. ఉత్తర్వును అమలు చేయకపోతే నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు శిక్షకు చట్టంలో వీలున్నది.

వ్యవసాయాధికారి డీలరు లైసెన్సు రద్దు చేయించవచ్చు, పోలీసులు మోసం కేసు పెట్టవచ్చు. అవి అమ్మినవాడిని శిక్షించే దారులు. రైతు చేతికి డబ్బు రావాలంటే కమిషన్‌కు వెళ్ళవలసిందే.

రాత్రిపూట వచ్చే సంచీలు

బ్రోకర్ల చేత కొన్నవారికి మాత్రం ఈ దారులన్నీ ఇరుకవుతాయి. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అంటూ ఊరి చివర చీకట్లో లూజు సంచీల్లో అమ్మే విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. అటువంటి సరుకుకు లేబులు ఉండదు, లాటు నంబరు ఉండదు, అమ్మినవాడి అసలు పేరు కూడా తెలియదు. మొలవకపోతే కేసు ఎవరి మీద వేయాలి? కూలి కలిసివస్తుందని ఆశపడిన రైతు బ్రోకరు ఫోను నంబరు తప్ప మరేమీ చూపలేడు. ఆ నంబరు కూడా నెల తిరక్కుండా పనిచేయటం మానేస్తుంది.

లైసెన్సున్న డీలరే బిల్లు ఇవ్వకపోతే కథ పూర్తిగా ముగిసినట్లు కాదు. ఫోనులో డబ్బు పంపిన వివరం, డీలరు నిల్వ పుస్తకం, అరువు ఖాతా, వెంట ఉన్నవారి సాక్ష్యం పనికి రావచ్చు. కాని బిల్లు ఉన్నవాడు గంటలో చెప్పే మాటను చెప్పటానికి బిల్లు లేనివాడికి ఏడాది పడుతుంది.

మార్కెట్ యార్డులో సరుకు అమ్మినప్పుడు వచ్చే తగాదాలకు ఈ కమిషన్ దారి కాదు. అక్కడ రైతు అమ్మకందారు. తూకంలో కోత, తక్‌పట్టీ మీద ఒక ధర చేతికి మరో ధర, సొమ్ము చెల్లింపులో ఆలస్యం వంటివి వచ్చినప్పుడు మార్కెట్ కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కమీషన్ వ్యాపారికి లైసెన్సు ఇచ్చేది ఆ కమిటీయే, రద్దు చేయగలిగినదీ అదే. అక్కడ తక్‌పట్టీయే బిల్లు.

ఫిర్యాదు రాయటం తెలియనివారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఇరుపక్షాలూ రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. వినియోగదారుల సహాయ ఫోను నంబరు 1915. న్యాయ సహాయానికి 15100.