పాడుబడిన పెరడు: తొలి పని నీటికి దారి

మీరు క్రొత్తగా ఇల్లు కొన్నారు. లేదా బదిలీపై వచ్చి అద్దె యింట దిగినారు. ఇంటి వెనుక అయిదారు సెంట్ల పెరడు ఉన్నది. ఏండ్ల తరబడి ఎవరును పట్టించుకొనలేదు గనుక తుంగ, వయ్యారిభామ, జిల్లేడు మోకాలు దాటి పెరిగినవి. రెండు కొబ్బరి చెట్లు ఎండు మట్టలు వ్రేలాడవేసుకొని నిలిచియున్నవి. ఇట్టి పెరడు చూడగానే చాలమంది అగ్గిపెట్టె వెదకుదురు. అది వద్దు. మంట కొబ్బరి మొదళ్లను కాల్చును. ఎరువు కావలసిన ఆకు బూడిద యగును. తుంగ దుంప మాత్రము మట్టిలో చల్లగా బ్రతికియుండును.

మొగల్తూరు వంటి సముద్రతీరపు ఊళ్ల సంగతి మెట్టసీమ వంటిది కాదు. ఇచ్చట భూమిలోని నీరు పైపైనే ఉండును, పెక్కుచోట్ల ఉప్పగా నుండును. వానాకాలపు మంచినీరు ఆ ఉప్పును క్రిందికి త్రోసి ఉంచును. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట ఉప్పునీరు మట్టి సందులగుండా పైకి ప్రాకి, ఎండకు ఆవిరై, నేలపై తెల్లని పొర మిగులును. కనుక గునపము పట్టుటకు ముందే ఒక వానలో గొడుగు వేసుకొని పెరటిలో నిలబడుడు. నీరు ఎటు పోవుచున్నది? ఎచ్చట నిలుచుచున్నది? ప్రహరీ కట్టినప్పుడు పాత బోదె మూసివేయుట తరచుగా జరుగు పొరపాటు. పల్లపు అంచున మూరెడు లోతు బోదె తీసి, వీధి కాలువలోనికి దారి చేయుడు. వీధి కాలువ మీ పెరటికంటె ఎత్తున ఉన్నచో నీరు వెనుకకు తన్నును. అప్పుడు మళ్లనే ఎత్తు చేసికొనవలెను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పవలెను. పల్లము పూడ్చుటకని రొయ్యల చెరువులోని మట్టి రెండు ట్రాక్టర్లు తోలించితిని. నల్లగా, మెత్తగా ఉన్నది గదా అనుకొంటిని. అందులో నాటిన అరటి పిలకలు ఆకు అంచులు మాడి, మూడు నెలలు తిరుగకుండ ఎండిపోయినవి. ఊరందరికి మట్టి పరీక్ష చేయించుకొమ్మని చెప్పువాడు తన పెరటికి చేయించలేదని మా యింటివారు ఇప్పటికిని అందురు. మీరు అయిదారు చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపుడు. నూతి నీరు కూడ పంపుడు. ఉప్పు నేల అని తేలినచో జిప్సము కొనుటకు తొందరపడవద్దు. అది కారచౌడుకు మందు. వట్టి ఉప్పుకు మందు మంచినీరు, ఆ నీరు దిగిపోవు దారి.

నరకుట వేసవిలో, పగటి వెలుగులో, బూట్లు తొడుగుకొని చేయవలెను. ఇంటి వైపునుండి మొదలిడి బయటి అంచునకు పోవుడు. పాములకు తప్పించుకొను త్రోవ ఉండును. పాము కరచినచో మంత్రగాని కొరకు చూడక వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్లతో పెరుకుడు. తుంగను పారతో కోసి ముక్కలు చేయరాదు. గునపముతో పెల్లగించి దుంపలు ఏరి ఎండబెట్టుడు. ఎన్ని ఏరినను కొన్ని మిగులును. మొలచినప్పుడెల్ల మరల తీయవలసినదే.

కొబ్బరి ఆకులు విసనకర్రవలె కత్తిరించినట్లున్నచో అది కొమ్ము పురుగు పని. దాని పిల్లపురుగులు పెంటకుప్పలోను, కుళ్లిన కొబ్బరి దుంగలలోను పెరుగును. పడిన దుంగలు తీసివేయుడు. పెంట తిరుగవేసి పురుగులను ఏరి కోళ్లకు వేయుడు.

తొలకరికి సెంటుకు 150 గ్రాముల చొప్పున జీలుగు చల్లుడు. అది ఉప్పును, నీటి ముంపును కొంతవరకు ఓర్చును. సుమారు 45 దినములకు, పూతకు వచ్చు వేళ, మట్టిలో కలియద్రొక్కి, రెండు వారములు మురుగనిచ్చి, ఎత్తైన మళ్లలో తోటకూర, బచ్చలి, గోంగూర వేయుడు. కొబ్బరి మొక్క ఆ యేడే నాటవచ్చును. అరటికి, నిమ్మకు మరుసటి వేసవి దాక ఆగుడు. ఆ వేసవిలోను నేలపై తెల్లపొర కనబడినచో బోదె పూడినదేమో ముందు చూడుడు.