మగ్గి, ఇగిరి, వేగే ఆకు

తెలుగువారి వంటింటి భాషలో మగ్గడం, ఇగరడం, వేగడం అన్న మూడు క్రియలు ఒకే పొయ్యి మీద, ఒకే మూకుడులో, పది పదిహేను నిమిషాల వ్యవధిలో జరిగే పనులను చెబుతాయి గాని, అవి పర్యాయపదాలు కావు. ఆకు తన ఆవిరిలో తానే మెత్తబడడం మగ్గడం, అలా మెత్తబడినప్పుడు ఊరిన నీరు ఆవిరై పోవడం ఇగరడం, నీరు పోయాక మిగిలిన పదార్థం నూనె వేడికి రంగు మారి కమ్మని వాసన రావడం వేగడం. ఇగురు అన్న వంటకానికి ఆ పేరు ఈ రెండవ క్రియ నుంచే వచ్చింది. నిఘంటువుల్లో అదే మాటకు లేతచిగురు అన్న మరో అర్థం కూడా కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆకుకూరల గురించి మాట్లాడేటప్పుడు ఆ పోలిక ముచ్చటగానే ఉంటుంది. మూకుడులో ఆకు వండడమంటే, అన్ని హంగులూ పక్కన పెట్టి చూస్తే, ఆకులో ఉన్న నీటిని ఎప్పుడు బయటికి రప్పించాలి, ఎంతవరకు ఉంచాలి, ఎప్పుడు పోగొట్టాలి అన్న విషయాలను తేల్చుకోవడమే.

ఆ నీరు తక్కువేమీ కాదు. పాలకూరలోనూ బచ్చలిలోనూ నూటికి దాదాపు 90 వంతులు, తోటకూరలోనూ మెంతికూరలోనూ దాదాపు 85 వంతులు నీరే ఉంటుంది. పచ్చి ఆకులోని నీరు కణాల లోపల రిక్తికలనే సంచుల్లో బిగువుగా నిండి, కణాల గోడలను లోపలి నుంచి నెడుతూ ఉంటుంది కాబట్టే ఆకు నిటారుగా, పెళుసుగా నిలబడుతుంది. వేడి 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరేసరికి కణాల పొరలు దెబ్బతిని, ఆ నీరు బయటికి కారిపోయి, ఆకుల మధ్య చిక్కుకున్న గాలి కూడా తప్పుకోవడంతో, మూకుడు అంచు దాటి పొంగినట్టు కనిపించిన ఆకు రెండు మూడు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. ఉప్పు ఆకు అణిగాకనే వేయాలన్న పెద్దల మాటకు కారణం ఇదే. పచ్చి ఆకు కుప్పను చూసి ఉప్పు అంచనా వేస్తే కూర ఉప్పు కషాయమవుతుంది.

మగ్గే దశలో తరచుగా వచ్చే తగాదా మూత గురించి. మూత పెడితే ఆకుకూర రంగు పోతుందన్న మాట చాలా వంటిళ్లలో వినిపిస్తుంది, అందులో సగం నిజముంది. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం అణువు నడిబొడ్డున ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఈ సంగతిని స్పష్టం చేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్‌కు మొక్కల రంగుపదార్థాల మీద చేసిన పరిశోధనకే 1915లో నోబెల్ బహుమతి దక్కింది. వేడికి కణాలు పగిలినప్పుడు వాటిలోని ఆమ్లాలు పత్రహరితాన్ని చేరి, ఆ మెగ్నీషియాన్ని తొలగించి, దాని స్థానంలో హైడ్రోజన్‌ను నింపుతాయి. అప్పుడు ఏర్పడే ఫియోఫైటిన్ అనే పదార్థం ముదురాకుపచ్చా కాదు, గోధుమరంగూ కాదు, రెండింటి నడుమ చివికిన రంగులో ఉంటుంది. ఆమ్లాల్లో కొన్ని ఆవిరితో ఎగిరిపోయే స్వభావం గలవి కాబట్టి, మూత బిగిస్తే అవి బొట్లుగా మళ్లీ కూరలోనే పడతాయి. అయితే రంగును చెడగొట్టడంలో మూత కన్నా కాలానిదే పెద్ద పాత్ర కనుక, రెండు మూడు నిమిషాలు మూత పెట్టి వెంటనే తీసేయడం వల్ల ఆకు త్వరగా మగ్గుతుందే తప్ప రంగుకు పెద్ద నష్టం జరగదు. పుట్టుకతోనే పులుపు నిండిన గోంగూర, చుక్కకూరలు మాత్రం మూత ఉన్నా లేకున్నా చూస్తుండగానే రంగు మారతాయి, వాటి విషయంలో చింతించి ప్రయోజనం లేదు. పచ్చదనం నిలపడానికి చిటికెడు వంటసోడా వేసే పద్ధతి ఆమ్లాన్ని విరిచి రంగును కాపాడే మాట నిజమే గాని, థయామిన్ అనే బి1 విటమినునూ సి విటమినునూ నాశనం చేసి, ఆకును జావలా చేస్తుంది. ఆ బేరం లాభసాటి కాదు.

ఎర్ర తోటకూర కథ వేరు. దాని ఎరుపు బీటలైన్లు అనే రంగుపదార్థాల వల్ల వచ్చేది, అవి నీటిలో తేలికగా కరిగేవి. అందుకే ఆ ఆకును మగ్గబెట్టినప్పుడు ఊరిన నీరంతా ఎర్రబడుతుంది. ఆ నీరు మూకుడులోనే ఇగిరితే రంగు తిరిగి కూరకే పడుతుంది, వార్చిపోస్తే రంగుతో పాటు నీటిలో కరిగే ఫోలేటు, సి విటమినులలో కొంత కూడా తూములోకి పోతుంది.

మూడు దశల్లోనూ ఎక్కువ వేడిని మింగేది ఇగరడమే. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి 70 కేలరీల వేడి చాలు గాని, మరుగుతున్న అదే నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి దాదాపు 540 కేలరీలు, అంటే దానికి ఎనిమిది రెట్లకు కాస్త తక్కువ, కావాలి. ఇక్కడ కేలరీ అంటే భౌతికశాస్త్రంలోని చిన్న కొలత, ఆహారం గురించి చెప్పే పెద్ద కేలరీలో వెయ్యో వంతు. ఇలా ఉష్ణోగ్రత పెరగకుండానే స్థితి మార్పుకు ఖర్చయ్యే వేడిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. అడుగున నీరు నిలిచి ఉన్నంతసేపు మంట ఎంత పెంచినా కూర వేడి 100 డిగ్రీలు దాటదు, కాబట్టి అంతసేపూ ఆకు ఉడుకుతుందే గాని వేగదు. అరకిలో తోటకూరలో నాలుగు వందల గ్రాములకు పైగా నీరుంటుందని గుర్తుంచుకుంటే, నాలుగు కట్టలు ఒకేసారి చిన్న మూకుడులో కుక్కి వేపుడు కావాలని ఎదురుచూడడం ఎందుకు ఫలించదో తెలుస్తుంది. ఆ నీరు ఇగిరే లోపల ఆకు కాస్తా ముద్దయిపోతుంది. వెడల్పాటి మూకుడు, తక్కువ ఆకు, పెద్ద మంట అన్నవి వేపుడుకు తప్పనిసరి కావడానికీ, కడిగిన ఆకును జల్లెడలో వేసి నీళ్లు పూర్తిగా కారనివ్వాలనడానికీ కారణం ఒకటే. ఆకును అంటుకుని వచ్చే నీటిని కూడా ఆ పొయ్యే ఇగర్చాలి మరి.

నీటిని మంటతో పోగొట్టడం ఒక మార్గమైతే, పీల్చే పదార్థాన్ని జోడించడం తెలుగు వంటలో బాగా పాతుకున్న మరో మార్గం. అరగంట నానిన పెసరపప్పును తోటకూరతోనో పొన్నగంటికూరతోనో కలిపి మగ్గబెట్టినప్పుడు ఆకు విడిచిన నీటిలోనే పప్పు పలుకుగా ఉడుకుతుంది. దించబోయే ముందు చల్లే నువ్వుల పొడి, వేరుశనగ పొడి, కందిపొడి వంటివి మిగిలిన తడిని పీల్చుకుని కూరను పొడిపొడిగా చేస్తాయి. రుచి కోసమే చేసినట్టు కనిపించే ఈ పనిలో సగం నీటి లెక్కే. బచ్చలి మాత్రం ఈ లెక్కకు లొంగదు. దానిలోని జిగురు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, దానిని వేపుడు చేయబోయి భంగపడడం కన్నా, గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో కందతో కలిపి, చింతపండు పులుసు పోసి, ఆవ పెట్టి వండే కందబచ్చలి తీరే మేలు.

నీరు పోయిన తర్వాత మూకుడు అడుగున వేడి 100 డిగ్రీలను దాటి, 140 డిగ్రీల ప్రాంతానికి చేరినప్పుడు, ఆకులోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి గోధుమరంగునూ వేపుడు వాసననూ పుట్టిస్తాయి. 1912లో దీనిని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మైయార్ పేరిట ఈ మార్పును మైయార్ చర్య అంటున్నారు. ఈ దశ చాలా చిన్నది, రెండు నిమిషాలు ఏమరితే ఆకు మాడి చేదెక్కుతుంది. నూనె అవసరం కూడా ఇక్కడే పూర్తిగా బయటపడుతుంది. అది వేడిని ఆకు ముడతల్లోకి చేర్చడమే కాక, శరీరం ఎ విటమినుగా మార్చుకునే బీటా కెరోటిన్ కొవ్వులోనే కరిగేది కాబట్టి, పేగు దానిని గ్రహించడానికి తోడ్పడుతుంది. ఇందుకు తాలింపులో పడే ఒకటి రెండు చెంచాల నూనె సరిపోతుంది.

పాత్ర విషయానికి వస్తే, మందపాటి ఇనుప మూకుడు వేపుడుకు ఎందుకు మంచిదంటే, అది బరువైనది కాబట్టి ముందే చాలా వేడిని దాచుకుని, చల్లటి తడి ఆకు మీద పడినా చప్పున చల్లారదు. పలుచటి అల్యూమినియం పాత్ర వేడిని వేగంగా అందిస్తుంది గాని, దాచుకునేది తక్కువ. ఇనుప పాత్రలో వండిన కూరలోకి కొంత ఇనుము చేరుతుందన్నది నిర్ధారణ అయిన విషయమే, పులుపు ఉంటే ఇంకా ఎక్కువ చేరుతుంది. అదే కారణంగా గోంగూరను ఇనుప మూకుడులో వండితే నల్లబడి, నాలుకకు తుప్పు రుచి తగులుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు వండడం ఆరోగ్యానికే హాని, ఎందుకంటే ఆమ్లం ఆ లోహాలను కూరలోకి దింపుతుంది. పాత్ర లోపల తగరం పూత పూసే కళాయి పని ఒకప్పుడు ఊరూరా సాగింది ఈ అవసరం వల్లనే. పులుపు ఆకులకు మట్టి చట్టి, స్టీలు గిన్నె నిరపాయకరమైనవి.

మూకుడులో వండడం వల్ల పోషకాలు నిలుస్తాయని మెచ్చుకునేవారు ఒక్క విషయంలో జాగ్రత్త వహించాలి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు అధికం. అవి కాల్షియాన్ని పట్టి ఉంచి శరీరానికి అందనివ్వవు, పాలకూరలోని కాల్షియంలో శరీరం గ్రహించేది నూటికి 5 వంతులకు అటూ ఇటూ మాత్రమే. విస్తారమైన నీటిలో ఉడికించి వార్చితే కరిగే ఆక్సలేట్లలో చాలా భాగం పోతుంది, మూకుడులో నీటిని ఇగర్చితే అవన్నీ కూరలోనే ఉండిపోతాయి. ఆక్సలేటు రాళ్లు మూత్రపిండాల్లో ఏర్పడే స్వభావం ఉన్నవారికి వార్చిన కూరే తగినది. మిగిలినవారికి భయం అక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దవారికి రోజుకు 50 గ్రాములు, గర్భిణులకు 100 గ్రాముల ఆకుకూర తినమన్నాయి. 50 గ్రాముల పచ్చి ఆకు మగ్గి ఇగిరాక మిగిలేది ఒకటి రెండు గరిటెలకు మించదు.

ఈ నియమాలన్నిటికీ మునగాకు ఒక మినహాయింపు. ఆషాఢమాసంలో తప్పక తినాలని తెలుగు ఇళ్లలో ఆచారంగా వస్తున్న ఈ ఆకులో నీరు నూటికి 75 వంతుల ప్రాంతంలోనే ఉంటుంది, ఆకులు చిన్నవి, నారతనం ఎక్కువ, దానికి తోడు మూకుడులో పడగానే ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. మగ్గడానికి తన నీరు తనకు చాలదు కాబట్టి, దానిని వండేటప్పుడు మాత్రం చారెడు నీళ్లు చిలకరించి, మూత పెట్టి, సన్నని మంట మీద ఉంచాలి.