ఒంట్లో ఇనుము – తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

“నీరసంగా వుందా? ముఖం పాలిపోయిందా? అయితే రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు వేసుకో!” ఈ సలహా ఇవ్వడానికి మన దగ్గర డాక్టరే కానక్కరలేదు. ఇంట్లో అమ్మమ్మ మొదలు హాస్టల్లో రూమ్మేటు దాకా అందరూ ఇచ్చేదే. చాలాసార్లు అది సరైన సలహాయే. మన దేశంలో రక్తహీనతకు ముఖ్య కారణాల్లో ఇనుము లోపం ఒకటి. కాని ప్రతి రక్తహీనతా ఇనుము లోపం కాదు. ఇనుము ఎక్కువై జబ్బు పడేవారు కూడా వున్నారు. వారిలో చాలామందికి ఆ జబ్బు తల్లిదండ్రుల నుండి జన్యువుల ద్వారా వచ్చినదే.

దారి లోపలికే

ఆరోగ్యవంతుడైన మనిషి ఒంట్లో వుండే ఇనుము మొత్తం 3, 4 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే వుంటుంది. ప్రాణవాయువును మోసుకుపోవడానికి ఈ ఇనుమే ఆధారం. పాతబడిన రక్తకణాలు నశిస్తే, వాటిలోని ఇనుమును శరీరం మళ్ళీ కొత్త కణాలకు వాడుకుంటుంది. అందుచేత ఆహారం నుండి రోజుకు 1, 2 మిల్లీగ్రాములు రక్తంలోకి చేరితే సరిపోతుంది.

చిక్కంతా ఇక్కడే వుంది. ఉప్పు ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఇనుమును అలా పంపే ఏర్పాటు శరీరంలో లేదు. కాబట్టి కాపలా అంతా లోపలికి వచ్చే దారి దగ్గరే. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను ఆ కాపలాదారు. నిల్వలు నిండగానే అది పేగుల దగ్గర తలుపు మూసేస్తుంది. మరి ఆ కాపలాదారే పని చెయ్యకపోతే?

యూరపు వారి వారసత్వం

అప్పుడు వచ్చే జబ్బు పేరు హిమోక్రొమటోసిస్. దీనికి ఈ పేరు పెట్టింది జర్మన్ శాస్త్రజ్ఞుడు రెక్లింగ్‌హౌసెన్, 1889లో. ఇది వంశపారంపర్యంగా వచ్చేదని 1935లో ఆంగ్ల వైద్యుడు జోసెఫ్ షెల్డన్ చెప్పాడు. కారణమైన హెచ్.ఎఫ్.ఇ. జన్యువు 1996లో దొరికింది. ఉత్తర యూరపు సంతతిలో, ముఖ్యంగా ఐర్లండు వారిలో, ఇది ఎక్కువ.

ఇనుము ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది. కాలేయం గట్టిపడుతుంది, క్లోమం దెబ్బతిని మధుమేహం వస్తుంది, గుండె బలహీనపడుతుంది, చేతి కీళ్ళు నొప్పిపెడతాయి, చర్మం కంచు రంగుకు తిరుగుతుంది. చికిత్స మాత్రం చిత్రమైనది. రక్తం తీసెయ్యడమే! ఒక సీసా రక్తంతో 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము బయటికి పోతుంది. తొందరగా కనిపెడితే మనిషి మామూలుగా జీవిస్తాడు.

మన సంగతి

ఈ యూరపు రకం మన దేశంలో చాలా అరుదు. మనకు దగ్గరైనది తలసీమియా. అమెరికాలోని డిట్రాయిట్‌లో థామస్ కూలీ 1925లో వర్ణించిన ఈ వ్యాధిలో హిమోగ్లోబిన్ తయారీయే దెబ్బతింటుంది. భారతీయుల్లో నూటికి 3, 4గురు బీటా తలసీమియా జన్యువును మోస్తున్నారని అంచనా. వీరికి జబ్బు వుండదు. కాస్త రక్తం తక్కువ, రక్తకణాలు చిన్నవి, అంతే. కాని ఆ చిన్న కణాలు చూసి ఇనుము లోపమనుకొని నెలల తరబడి మాత్రలు మింగించడం జరుగుతూంటుంది. లోపం లేనిచోట ఆ మాత్రల వల్ల లాభం లేదు.

అసలు ప్రమాదం ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకున్నప్పుడు. ప్రతి కాన్పులోను బిడ్డకు తీవ్రమైన తలసీమియా రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం వుంటుంది. మేనరికాలున్న మన కుటుంబాల్లో, ఒకే జన్యువు రెండువైపుల నుండీ కలిసే అవకాశం మరీ ఎక్కువ. అటువంటి బిడ్డకు రెండు, నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ప్రాణం నిలిపే ఆ రక్తంతో పాటే ఇనుమూ వస్తుంది. ఒక్క సంచితో వచ్చే ఇనుము, రోజుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఆరు నెలలు తిన్నా చేరనంత. ఇక్కడ రక్తం తీసి తగ్గించే వీలూ లేదు. ఇనుమును పట్టి బయటికి తెచ్చే మందులు జీవితాంతం వాడాలి. అశ్రద్ధ చేస్తే గుండె, కాలేయం దెబ్బతింటాయి, ఎదుగుదల ఆగిపోతుంది. ఎముక మజ్జ మార్పిడి కొందరికి నయం చేస్తుంది గాని, తగిన దాతా దొరకాలి, డబ్బూ వుండాలి.

మనం చెయ్యగలిగింది

సైప్రస్ దీవిలో ప్రతి ఏడుగురిలో ఒకరు వాహకులు. అక్కడ 1970ల నుండి ప్రజలకు విషయం బోధపరచి, పెళ్ళికి ముందు రక్తపరీక్షను, గర్భంలోని శిశువు పరీక్షను అలవాటు చేశారు. తీవ్రమైన తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

కనుక మిత్రులారా, రక్తం తక్కువని తేలితే రక్తకణాల లెక్కతో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. నిల్వలో ఇనుము వుందో లేదో అది చెబుతుంది. కణాలు చిన్నవిగా వుంటే హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. లోపం వున్నవారు, గర్భిణులు డాక్టరు చెప్పిన మాత్రలు మానకండి. వాహకులకు కూడా ఒక్కోసారి ఇనుము లోపం రావచ్చు, అందుకే పరీక్ష ముఖ్యం. పెళ్ళిచూపుల్లో జాతకాలు చూసే పెద్దలతో, ఈ రక్తపరీక్ష కాగితం కూడా చూడమని చెప్పే ధైర్యం చదువుకున్న మనకుండాలి. మన కాలేజీలో జరిగే రక్తదాన శిబిరాలకు రావడం మరవకండి. మీరిచ్చే సీసా కోసం ఎదురుచూసే తలసీమియా పిల్లలు ప్రతి పట్టణంలోను వున్నారు.